అల్లినవాళ్లే ముందు కూర్చోవాలి

మా వదిన ఎదురొస్తే వాన కూడా పక్కకు తప్పుకుని పడుతుందని మా సందులో ఒక మాట ఉంది. అది శుద్ధ అబద్ధం. వాన ఆగి నిలబడేది. ఆవిడ దాటిపోయాక మిగిలింది కురిసేది. నమ్మనివాళ్లు వచ్చి చూడవచ్చు, అలా మిగిలిపోయిన వాన మా చూరు కింద ఇంకా కాస్త ఉంది.

మాది కుర్చీలల్లేవాళ్ల సందు. ప్రతి గుమ్మం ముందూ ఒక నీళ్ల తొట్టి, తొట్టిలో నానుతున్న పేము బద్దలు, గోడకు ఆనించి అడుగు ఊడిన కుర్చీలు. పేమును తడిగా ఉన్నప్పుడే అల్లాలి. ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. మా వదిన కూడా అంతే. కళ్లు తడిగా ఉన్నంతసేపే మెత్తన. తుడుచుకుందంటే ఇక ఆవిడను వంచడం ఎవరి తరమూ కాదు.

మా అన్న అల్లిన కుర్చీ మీద శనగగింజ వేస్తే అది ఎగిరి పక్కింటి దాకలో పడేది. అంతటి పనివాడికి దేవుడు నోరు పెట్టడం మరిచిపోయాడు. పెళ్లయిన మర్నాడే మా అమ్మకు సంగతి అర్థమైంది. "మరిచిపోలేదురా, రెండు నోళ్లూ కోడలికే పెట్టి పంపాడు" అంది.

ఆ రోజుల్లో పెద్దిళ్లకు పెరటి తలుపే మా దారి. కుర్చీ దించి చేతులు కట్టుకుని నిలబడాలి. యజమాని కూర్చుని, అటూ ఇటూ ఊగి, "వదులుగా ఉందే" అని పెదవి విరిచి, కూలి తెగ్గోసేవాడు. వదులు కాదని చూపించాలంటే మేము దాంట్లో కూర్చోవాలి. పెద్దింట్లో మేము కూర్చోవడమా! కుర్చీ మా చేతుల్లోంచి జారితే చాలు, ఆపైన మా నీడ పడినా దానికి మైల.

వదిన కాపురానికొచ్చిన కొత్తలో ఒక బట్టల వ్యాపారి ఇంటికి కుర్చీలు తీసుకెళ్లాం. అన్న, వదిన, వెనకాల నేను.

"వదులుగా ఉందే" అన్నాడు వ్యాపారి, ఇంకా కూర్చోకుండానే.

వదిన తిన్నగా వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుని మరీ.

ఇల్లంతా చప్పుడు ఆగిపోయింది. గోడ గడియారం కూడా ఒకసారి గుటక మింగి, తర్వాత కదిలింది.

"ఏయ్! లే! ఎవరనుకుంటున్నావు నువ్వు?"

"అల్లినదాన్ని అనుకుంటున్నానండీ. ఆ వదులు ఎక్కడుందో వెతుకుతున్నా. మీకు నిలబడే కనబడింది, నాకు కూర్చున్నా తగలడం లేదు."

వ్యాపారి నోరు తెరిచాడు. మా అన్న కూడా తెరిచాడు, పాపం, అలవాటు లేక వెంటనే మూసేశాడు. ఆ రోజు కూలి పూర్తిగా వచ్చింది గానీ, ఇంకెప్పుడూ గడప తొక్కవద్దన్నారు.

సందుకొచ్చాక వదిన తొట్టి గట్టు మీద నిలబడి చాటింది. "ఈరోజు నుంచీ అల్లినవాళ్లే ముందు కూర్చోవాలి. కూర్చుని లేచాకే కుర్చీ అప్పగించినట్టు. అప్పటిదాకా అది మనదే."

మా కళ్లజోడు తాత అప్పటికే సందులో అందరికంటే పెద్ద. గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయ్, పెద్దవాళ్లతో పెట్టుకుంటే పొట్ట గడవదు."

"ఇప్పుడు గడుస్తోందా తాతా?"

తాత కళ్లజోడు తీసి తుడిచాడు. తుడిచి, పెట్టుకుని, మా అందరి పొట్టలూ ఒకసారి చూశాడు. "లేదు."

"మరైతే కూర్చునే పస్తుందాం. నిలబడి పస్తుంటే కాళ్లు కూడా నొప్పి."

ఆ ఏడాది మా సందు ఒక్క కుర్చీ అల్లలేదు. ఊళ్లో ఒక్కో కుర్చీకీ అడుగు ఊడుతూ వచ్చింది. ఒక పెళ్లికొడుకును పీపా మీద కూర్చోబెట్టారు. అది దొర్లుకుంటూ వెళ్లి ఇంకో పెళ్లింటి ముందు ఆగితే, అక్కడి పిల్ల నచ్చి అక్కడే చేసుకున్నాడు. చివరికి వ్యాపారులు, ప్లీడర్లు, మేష్టార్లు అందరూ కుర్చీలు మోసుకుని వాళ్లంతట వాళ్లే మా సందుకొచ్చారు. మేము ముందు కూర్చున్నాం, ముందు తలుపులోంచి వెళ్లాం, ఒప్పుకున్న కూలి తెచ్చుకున్నాం. "ఏం వదినా, మహారాణివైపోయావే" అంటే, "మహారాణులకు వీపు నొప్పి ఉండదు మరిదీ, ఇటొచ్చి కాస్త తొక్కు" అంది.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ మా వదినెందుకవుతుంది? ధర్మాసుపత్రిలో పేదవాళ్ల వరస ఎండలో, ఉన్నవాళ్ల వరస నీడలో ఉంటే, మధ్యలో నిలబడి రెండు వరసలూ ఒకటయ్యేదాకా కదల్లేదు. మా పిల్లలకు బడిలో బెంచీ లేదంటే, వాళ్లను హెడ్మాస్టరు బల్ల మీద కూర్చోబెట్టి వచ్చింది. ఒకసారి పోలీసులు పట్టుకెళ్లారు. స్టేషన్లో కుర్చీలన్నిటినీ తిరగేసి చూసి, "ఇంత వదులు కుర్చీల్లో కూర్చుంటే మీకు నడుం ఎలా నిలుస్తుంది నాయనా?" అని జాలిపడి, సాయంత్రానికి స్టేషను కుర్చీల పని మొత్తం మా సందుకు తెచ్చింది.

ఈ తిరగేసి చూడడం మా జాతి జబ్బు. ఎక్కడ కుర్చీ కనబడినా మేము కూర్చోం. ముందు బోర్లా తిప్పి అడుగు చూస్తాం. చావు ఇంటికి వెళ్లినా అంతే. ముందు కుర్చీని పరామర్శించి, తర్వాతే మనుషుల్ని. ఆ జబ్బే ఒకసారి మా కొంప ముంచింది. అసలు కథ అదే.

అప్పటికి వదినకు తల నెరిసింది. కొడుక్కి పెళ్లయింది, కోడలికి నెలలు నిండుతున్నాయి. మా సందు పైన డబ్బున్నవాళ్ల కాలనీ ఒకటి లేచింది. ఆ కాలనీలోంచే మా బాట. తాతల నాటి బాట. దాటితే ఆసుపత్రి, బజారు, బడి. ఒక పొద్దున లేచి చూస్తే బాటకు అడ్డంగా ఇనుప గేటు, గేటుకు తాళం, తాళం పక్కన కాపలావాడు.

"ఏమైంది నాయనా?" అంది వదిన.

"పూల కుండీలు పోతున్నాయంట పెద్దమ్మా. సందు మనుషుల్ని రానియ్యొద్దన్నారు. సామాన్లయితే రావచ్చంట."

"మా ఇళ్లలో పూల కుండీలు పెట్టుకోడానికి చోటేదయ్యా? మేము పడుకునేదే ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని!"

అతను తల దించుకున్నాడు. అతనిదీ ఇంకెక్కడో ఇలాంటి సందే. రోజంతా తాళానికి అతుక్కుని ఉంటాడని మావాళ్లు అతనికి తాళమనే పేరు పెట్టారు.

గేటు మూస్తే మాకు మిగిలింది రాళ్ల క్వారీ చుట్టూ తిరిగే దారి. ఎంత దూరమంటే, కొత్త చెప్పులతో బయల్దేరినవాడు పాత చెప్పులతో చేరతాడు. ఆ దారిలో తీసుకెళ్తుండగానే మా పక్కింటి పిల్ల రాళ్ల మధ్య ప్రసవించింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. దాని మీద మాత్రం ఇన్నేళ్లలో నేనొక్క జోకూ వెయ్యలేదు.

ఆ సాయంత్రం వదిన తొట్టి దగ్గర కూర్చుని కోడలి పొట్ట వైపు చాలాసేపు చూసింది. కళ్లు తడిగా ఉన్నాయి. తర్వాత తుడుచుకుంది. ఇక మాకు పని పడిందని తెలిసిపోయింది.

గేటు శాశ్వతంగా ఉండాలని కాలనీవాళ్లు మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. తీసేయాలని వదిన మా అందరి చేతా వేలిముద్రలు వేయించి ఇంకోటి పెట్టింది. సభలో ఇరువైపులా విని తేలుస్తామన్నారు చైర్మనుగారు. ఆ సభకొక నియమం ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్లే మాట్లాడాలి. ఎప్పుడో ఎవరో నిలబడి కొట్టుకున్నారట, అప్పట్నుంచీ అంతే. ఆలస్యంగా వెళ్తే కుర్చీ దొరకదు, కుర్చీ లేకపోతే నోరు లేదు.

అందుకని తెల్లవారగానే బయల్దేరి, క్వారీ చుట్టూ తిరిగి, అందరికంటే ముందు చేరాం. హాలు నిండా ఖాళీ కుర్చీలు. సభ్యులకు, కాలనీవాళ్లకు మెత్తలు వేసినవి ముందు వరసలో. మిగతావన్నీ పేము కుర్చీలు.

హాయిగా వెళ్లి కూర్చోవలసిన మనుషులం ఏం చేశామంటే, వదిన మొదటి కుర్చీని బోర్లా తిప్పింది.

"అయ్యో రామా! ఎవడల్లాడిది? మేకులన్నీ ఊడాయి!"

"ఇదింకా ఘోరం" అన్నాడు కళ్లజోడు తాత, ఇంకోటి తిరగేసి.

ఇక చూసుకోండి. ఒకడు దబ్బనం తీశాడు, ఒకడు కుళ్లిన బద్దలు లాగేశాడు. నేల మీద చతికిలపడి, సభ సంగతి మరిచి, సందులో ఉన్నట్టే కబుర్లాడుకుంటూ పనిలో మునిగిపోయాం. మళ్లీ తలెత్తేసరికి చైర్మనుగారు బల్ల దగ్గరున్నారు. కాలనీ తరఫు నల్లకోటు ప్లీడరు, ఆయన మనుషులు మెత్తల మీద కుదురుగా ఉన్నారు. మేము నేల మీద. మా చుట్టూ కాళ్లు పైకెత్తిన కుర్చీలు, తాబేళ్లను వెల్లకిలా వేసినట్టు.

"కుర్చీలో ఉన్నవాళ్లెవరు మాట్లాడతారు?" అన్నారు చైర్మనుగారు.

"మేమండీ!" అని వదిన లేచింది.

"నిలబడ్డారు" అన్నాడు నల్లకోటు.

వదిన కూర్చుంది.

"నేల మీద కూర్చున్నారు" అన్నాడు మళ్లీ.

చైర్మనుగారు చెడ్డవారు కాదు, నియమానికి కట్టుబడిన మనిషి. నవ్వు ఆపుకుని, మా వైపు జాలిగా చూసి, సభ వాయిదా వేశారు. "ఎలాగూ విప్పారు కాబట్టి ఈ కుర్చీలన్నీ మీరే బాగుచేసి తెండి. కూలి ఇప్పిస్తాం" అన్నారు.

వెళ్తూ వెళ్తూ నల్లకోటు వదిన పక్కన ఆగాడు. "తొందరేం లేదమ్మా, వచ్చే సభ అయ్యాకే తెండి. అప్పటిదాకా మా మెత్తలున్నాయిగా."

తిరుగుదారిలో క్వారీ మలుపులో వదిన ఒక రాయి మీద కూలబడింది. "నేనే మరిదీ. మొదటి కుర్చీ తిప్పింది నేనే. నా చేతికి పక్షవాతం రాకపోయిందా!"

"వస్తే నష్టం వదినా, నిన్ను మొయ్యాల్సింది నేనే" అన్నాను. వదిన నవ్వలేదు. నా మాటకు ఆవిడ నవ్వని రోజు నాకు తెలిసి అదొక్కటే.

రెండు రోజుల తర్వాత మున్సిపాలిటీ బండి కుర్చీలతో వచ్చింది. క్వారీ చుట్టూ కాదు, తిన్నగా బాటలో. తాళం గేటు బార్లా తీశాడు. కుర్చీలు ఊరేగింపులా దర్జాగా దిగి వచ్చాయి. సందులో దించి బండి వెళ్లిపోయింది, గేటు మళ్లీ పడింది.

అల్లిక మొదలుపెట్టాం. ఊరికే ఉండలేక అన్నాను. "చూశావా వదినా, ఈ కుర్చీలు పెట్టి పుట్టాయి. దర్జాగా గేటులోంచి వచ్చాయి, దర్జాగా గేటులోంచే పోతాయి. వచ్చే జన్మకు నేను కుర్చీగా పుడతాను."

వదిన చేతిలో పేము ఆగిపోయింది. "ఏమన్నావు?"

"కుర్చీగా పుడతానన్నా."

"అది కాదయ్యా, అంతకు ముందు."

"గేటులోంచే పోతాయి..."

ఆవిడ నవ్వింది చూడండీ, తొట్లలో నీళ్లు అలలు లేచాయి. "ఎవరూ కూర్చోకండి!" అని సందంతా వినబడేట్టు కేక వేసింది. "అల్లండి, ఆరబెట్టండి. కానీ ఒక్కరు కూడా కూర్చుని చూడొద్దు. ఈసారి కూర్చోవడం ఇక్కడ కాదు!"

సభ రోజు పొద్దున సందు సందంతా నెత్తిన కుర్చీలతో బయల్దేరింది. ముందు వదిన, వెనక మా అన్న, కళ్లజోడు తాత, ఆడా మగా అందరూ. దూరం నుంచి చూస్తే నాలుగు కాళ్లు పైకి, రెండు కాళ్లు కిందకు ఉన్న కొత్త జంతువేదో బాట నిండా నడిచివస్తున్నట్టుంది. కాలనీ కుక్కలు మొరగడం మాని ఆలోచనలో పడ్డాయి. కోడలు మాత్రం చిన్న పేము కట్ట చంకన పెట్టుకుని మెల్లగా నడిచింది. వద్దంటే వినలేదు. అత్త తర్ఫీదు.

తాళం గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "పెద్దమ్మా, మనుషులకు..."

"మనుషులం కాదు నాయనా, మున్సిపాలిటీ కుర్చీలు వెళ్తున్నాయి. సామాన్లకు అడ్డం లేదన్నావుగా?"

"కుర్చీలు వెళ్లొచ్చు. మీరు..."

"అయితే మేము ఇక్కడే దించుతాం. నువ్వు పిలువు, నడిచి వస్తాయేమో."

తాళం కుర్చీల వైపు చూశాడు. నిజంగా పిలుద్దామా అన్నట్టు ఒక క్షణం ఆలోచించాడు కూడా. తర్వాత అతని చూపు కోడలి మీద పడింది. కర్ర పక్కన పెట్టేసి, తాళంచెవి తిప్పాడు. గేటు రెండు రెక్కలూ తెరిచాడు. "కుర్చీలు పోవాలి, తప్పుకోండి, కుర్చీలు పోవాలి!" అని అడ్డం లేని జనానికి కేకలు వేస్తూ హాలుదాకా మా ముందు నడిచాడు.

హాల్లో వరసగా కుర్చీలు వేశాం. ఈసారి ఎవరి కుర్చీని వాళ్లు గట్టిగా పట్టుకున్నారు, చెయ్యి పొరపాటున కూడా తిరగేయకుండా. వదిన సైగ చెయ్యగానే సందంతా ఒక్కసారి కూర్చుంది. కొత్త పేము కిర్రుమంది. అంత కమ్మని చప్పుడు నేను మళ్లీ వినలేదు.

నల్లకోటు లేచాడు. "అధ్యక్షా! ఇవి మున్సిపాలిటీ కుర్చీలు. బాగుచెయ్యడానికి ఇచ్చినవి, కూర్చోవడానికి కాదు. లేవమనండి!"

"మీరు నిలబడ్డారండీ" అంది వదిన.

హాలు గొల్లుమంది. నల్లకోటు గభాలున కూర్చున్నాడు.

చైర్మనుగారు వదిన వైపు తిరిగారు. "దానికి మీ జవాబేమిటమ్మా?"

"ఇంకా అప్పగించలేదండీ. అల్లినవాళ్లు ముందు కూర్చుని లేస్తేనే అప్పగించినట్టు. ఊళ్లో ఏ ఇంట్లోనైనా అంతే కదా. మీ ఇంటి చావిట్లో కుర్చీల్లో కూర్చుని లేచింది మా ఆయనే. అమ్మగారు మంచినీళ్లు కూడా ఇచ్చారు."

మా అన్న తలూపాడు. అన్న సాక్ష్యమంటే అదే.

"నిజమే" అన్నారు చైర్మనుగారు, నవ్వు మీసాల కింద దాచుకుంటూ. "అయితే ఎప్పుడు లేస్తారు?"

"మాట్లాడాకండీ."

"మాట్లాడండి."

వదిన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసింది. "అయ్యా, ఈ కుర్చీలు మొన్న ఆ గేటులోంచి మా సందుకొచ్చాయి. ఇవాళ అదే గేటులోంచి ఇక్కడికొచ్చాయి. వీటిని ఎవరూ ఆపలేదు. వీటితోపాటు మేమూ వచ్చాం. దారిలో ఎవరి పూల కుండీ అయినా తగ్గిందేమో ఇప్పుడే మనిషిని పంపి చూడండి. అడుగున పేముతో బతికే కుర్చీకి దారుంది. ఆ పేము అల్లిన చేతికి లేదు. ఇదిగో నా కోడలు. క్వారీ చుట్టూ బయల్దేరిందంటే, ఆసుపత్రి చేరేసరికి బిడ్డ తన కాళ్లతో నడిచొచ్చి చీటీ రాయించుకుంటుంది. నవ్వండి, నేనూ నవ్వుతాను. కానీ మా పక్కింటి పిల్ల బయల్దేరినప్పుడు ఎవరం నవ్వలేదు."

ఆ పక్కింటి పిల్ల కూడా అక్కడే, మా మధ్యలోనే ఉంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చైర్మనుగారి వైపే చూస్తోంది.

మెత్తల వరసలోంచి ఒక ముసలి నర్సమ్మ చెయ్యెత్తింది. కాలనీ మనిషే. "నాకు ఈ గేటు సంగతి ఇంతని తెలియదు. మా ఇంటి ముందే ఉంది, తీసేయండి" అంది. నల్లకోటు ఆవిడ వైపు చూసిన చూపుకు వేరే మనిషైతే మాడిపోయేవాళ్లే. నర్సమ్మ సూదిమందు ఇచ్చేముందు చూసే చూపొకటి తిరిగి చూసింది. ఆయన కోటు సర్దుకున్నాడు.

సభ్యుల చేతులు అడిగారు. ఉంచాలన్న చేతులు అక్కడక్కడ లేచాయి, బీడులో మొలకల్లా. తీసేయాలన్నప్పుడు లేచిన చేతుల నీడకు హాల్లో దీపాలు వెలిగించాల్సి వచ్చింది.

"ఇక లేస్తారా అమ్మా?" అన్నారు చైర్మనుగారు.

వదిన లేచి, కుర్చీ వెనక్కి నెట్టి, దాని వీపు మీద ఒక్కటి చరిచింది. "గట్టిగా ఉంది. తీసుకోండి."

అప్పుడు సందంతా లేచింది. ఆ రోజు మావాళ్లు వేసిన కేకకు హాలు పైకప్పు జానెడు లేచి, మళ్లీ సరిగ్గా అదే చోట కూర్చుంది. కావాలంటే వెళ్లి చూడండి, అతుకు కనబడుతుంది.

గేటు రెక్కలు మేమే విప్పాం. తాళానికి పని పోతుందేమోనని వదిన మళ్లీ మున్సిపాలిటీ మెట్లెక్కి, అతన్ని బాట ఊడ్చి చూసుకునే పనిలో పెట్టించి వచ్చింది. "ఇన్నాళ్లూ మూశావు, ఇక శుభ్రంగా ఉంచు" అంది. ఇప్పటికీ అందరూ అతన్ని తాళమనే పిలుస్తారు. పలుకుతాడు.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కోడలికి నొప్పులు మొదలయ్యాయి. బండి తెస్తానని కొడుకు పరుగెత్తబోతే, "అక్కర్లేదు, నడుస్తాను" అంది ఆ పిల్ల. వదిన ఒక చేత్తో కోడల్ని పట్టుకుంది, ఇంకో చేత్తో పేము కుర్చీ పట్టుకుంది. నేను వెనకాల మూటతో. బాట సగంలో, గేటు ఉన్న చోట, రెండు స్తంభాలూ ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. అక్కడికొచ్చేసరికి కోడలికి నొప్పి తెరలా వచ్చింది. పెదవి కరిచిపట్టింది.

వదిన సరిగ్గా ఆ స్తంభాల నడుమ కుర్చీ వేసింది.

"త్వరగా, త్వరగా తీసుకురండి!" అని అవతల ఆసుపత్రి మెట్ల మీంచి నర్సు కేకలు వేస్తోంది. తాళం చీపురు పడేసి, వచ్చేపోయేవాళ్లను చేతులు చాచి పక్కకు పంపిస్తున్నాడు.

"అత్తా, దారికి అడ్డం కూర్చున్నానేమో" అంది కోడలు ఊపిరి కూడదీసుకుంటూ.

వదిన ఆ పిల్ల నుదురు తుడిచింది. "కూర్చో అమ్మా. నీకెంతసేపు కావాలంటే అంతసేపు కూర్చో. దారి ఎక్కడికీ పోదు."